వానవైపు పన్నెండు రోజులు

శత్రువు తనంతట తానే మెట్లెక్కి వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగితే ఎలా ఉంటుందో అక్సాకు ఏప్రిల్ రెండో వారంలో తెలిసొచ్చింది. చంద్రపూర్ ఊళ్ళో తుకుం అనే పేటలో, మందుల షాపు పైన ఉన్న ఒంటి గది ఆమె ఆఫీసు. ఒక టేబులు, గోడకు ప్రపంచ పటం, కిటికీకి కూలరు, అంతే. మనుషుల ఇష్టాలు అడిగి తెలుసుకుని, ఎవరి ప్రయాణాన్ని వాళ్ళకు తగ్గట్టు తయారుచేసి ఇవ్వడం ఆమె పని. అడవులు, జంతువులు, పక్షులు చూడాలనుకునేవాళ్ళే ఎక్కువగా వస్తారు. ఆ పొద్దున వచ్చినవాడు విఠల్ సేఠ్, బొగ్గు లారీల కాంట్రాక్టరు. ఆరేళ్ళ కింద ఆమె తమ్ముడు లెవీ బతుకును ఒక్క మాటతో బుగ్గిచేసి, చేతులు దులుపుకుని పోయిన మహానుభావుడు ఇతనే.

అతను ఆమెను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? కాలికింద ఏం నలిగిందో చూసుకుని నడిచే అలవాటు ఉంటే కదా. భార్య ఉజ్వలను పక్కన కూర్చోబెట్టుకుని, తలకు చుట్టిన రుమాలు విప్పి మెడ తుడుచుకుంటూ, తనకేం కావాలో చెప్పడం మొదలుపెట్టాడు. మే చివర్లో బిడ్డ రుక్మిణికి కాలేజీ సెలవులు. చంద్రపూర్ ఎండలో ఉడికిపోయే బదులు ముగ్గురూ శ్రీలంక పోదామనుకుంటున్నారట.

"పది మందితోని బస్సుల తిప్పే ప్యాకేజీ నాకొద్దమ్మా," అన్నాడు. "నా కోసమే తయారుచెయ్యాలె. ద్వీపం చుట్టూ తిరగాలె. గుళ్ళు, షాపులు కాదు, జంతువులు. చిరుత కావాలె, నీలి తిమింగలం కావాలె. అన్నీ దగ్గరకెల్లి సూడాలె. దూరంకెల్లి సూసుడు నాకు నచ్చదు."

దగ్గర నుంచి. ఆ మాట వినగానే అక్సా ఒళ్ళంతా మండిపోయింది. అయినా డైరీ తీసి మే ఇరవై ఒకటి నుంచి పన్నెండు రోజులు అని రాసుకుంది. చక్కగా చేసిస్తాను సేఠ్, మీకు తగ్గట్టే చేసిస్తాను అని చెప్పి మెట్ల దాకా వచ్చి సాగనంపింది. వాళ్ళు దిగిపోయాక తలుపు గడియ పెట్టి, అతను తాగిన గ్లాసును కొబ్బరిపీచుతో మూడుసార్లు తోమింది.

ఆమె కోపానికి కారణం చంద్రపూర్‌లో చాలామందికి తెలుసు, కాకపోతే తలకిందులుగా తెలుసు. వాళ్ళ నాన్న సిలువయ్య కరీంనగర్ వైపు నుంచి మాజ్రి బొగ్గుగనికి వచ్చి, ముప్పై ఏళ్ళు చీకట్లో పనిచేసినవాడు. కొడుకు గనిలో దిగకుండా పులుల అడవిలో గైడు ఉద్యోగం తెచ్చుకున్నాడని పొంగిపోయి, ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పుకున్నవాడు. లెవీ నిజంగా మంచి గైడు. ఆకు కదిలితే ఏం కదిలించిందో చెప్పేవాడు. ఏ పిట్ట అరిచినా తల ఎత్తకుండానే పేరు చెప్పి, ఆ తర్వాత తల ఎత్తి చూసి, చూశావా అక్కా నేను చెప్పిందే అని మురిసిపోయేవాడు. అక్సాకు అడవి గురించి తెలిసిందంతా వాడి దగ్గర నేర్చుకున్నదే.

ఒక రోజు విఠల్ సేఠ్ ఇద్దరు స్నేహితులతో సఫారీకి వచ్చాడు. వాళ్ళెక్కిన జిప్సీ జీపుకు గైడుగా లెవీ పడ్డాడు. ఒర్రె పక్కన, ఆ చిన్న వాగు గట్టున, ఆడపులి మూడు పిల్లలతో కనపడింది. అడవిలో జిప్సీ దిగకూడదనేది చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం. విఠల్ దిగాడు. ఫోను పట్టుకుని పులి మీదికి నడిచాడు. పులి గర్జించి ఉరికొచ్చింది. విఠల్ వెనక్కి పరుగెత్తి ఎక్కాడు. డ్రైవరు బండిని వెనక్కి ఉరికించాడు. పులి రెండు పిల్లల్ని తీసుకుని ఒర్రె దాటిపోయింది, మూడోది ఈవలే ఉండిపోయింది. మూడు రోజుల తర్వాత అది తుమ్మపొద కింద చచ్చి కనపడింది.

విచారణ జరిగింది. విఠల్, అతని ఇద్దరు స్నేహితులు, డ్రైవరు, నలుగురూ ఒకే మాట చెప్పారు. గైడే దిగమన్నాడు, ఏం కాదు సేఠ్, దిగి ఫోటో తీసుకోండి అన్నాడు. అంతే. లెవీ మాట ఒక్కటి, వాళ్ళవి నాలుగు. గైడు కార్డు గుంజుకున్నారు. ఆ రోజు అక్సా తమ్ముడికని టిఫిన్ డబ్బా పట్టుకుని అటవీ ఆఫీసు వరండా ముందు వేపచెట్టు కింద నిలబడి ఉంది. విఠల్ వరండాలోకి వచ్చి, కారు దగ్గరికి రావడానికి ఆమె అడ్డంగా ఉందని, "జరుగమ్మా, బండి రావాలె," అన్నాడు. ఆమె జరిగింది. ఈ ఆరేళ్ళలో ఆమె తనను తాను క్షమించుకోలేనిది ఏదైనా ఉంటే, అది ఆ జరగడమే. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఆ తర్వాత అడవి గేటు దగ్గరివాళ్ళు లెవీని పులిపిల్లను తిన్నోడని పిలవడం మొదలుపెట్టారు. సిలువయ్య మళ్ళీ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. రెండేళ్ళకు ఆ దిగులుతోనే పోయాడు. లెవీ ఇప్పుడు మాజ్రిలో రైలు వ్యాగన్లకు బొగ్గు నింపే చోట పనిచేస్తాడు. అడవి మాట ఎత్తడు. పిట్ట అరిస్తే తల ఎత్తడు.

మరి అలాంటి మనిషి తన చేతుల్లో ప్రయాణం పెట్టి పోతే అక్సా ఏం చేస్తుంది? పూలదండ వేస్తుందా? కూర్చుని పథకం వేసింది.

శ్రీలంకలో జంతువులు చూడాలంటే ముందు తెలుసుకోవలసింది గాలి. ఆ చిన్న ద్వీపానికి రెండు వానకాలాలు. మే నెల చివరికి నైరుతి గాలి తగిలి దక్షిణపు కొస, పడమర నానిపోతాయి. అదే సమయంలో ఉత్తరం, తూర్పు పొడిగా, తెల్లని ఎండతో ఉంటాయి. చలికాలానికి ఇదంతా తారుమారు. ఏ నెలలో ఏ పక్కకు పోవాలో తెలిసినవాడికి ఆ ద్వీపం కడుపునిండా చూపిస్తుంది, తెలియనివాడికి గొడుగు చూపిస్తుంది. అక్సాకు బాగా తెలుసు. తెలిసే విఠల్ సేఠ్‌ను పన్నెండు రోజులూ వానవైపు పంపాలని నిర్ణయించుకుంది.

మొదటి మూడు రోజులు మిరిస్స. నీలి తిమింగలాలకు పేరుపడ్డ ఊరు. ఎవరి ఫోన్లో వెతికినా అదే పేరు వస్తుంది. కాని మే చివర్లో సముద్రం పొంగి, పడవలన్నీ ఒడ్డున కట్టేసి ఉంటాయి. సేఠ్ హోటలు బాల్కనీలో కూర్చుని అలలు లెక్కపెట్టుకోవాలి. తర్వాత మూడు రోజులు సింహరాజ వానడవి. గొప్ప అడవి, కాదనలేరు. ఆ కాలంలో జలగలు కూడా గొప్పగా ఉంటాయి, సాక్సుల్లోంచి దూరి మోకాళ్ళ దాకా వస్తాయి. ఆ తర్వాత రెండు రోజులు హోర్టన్ మైదానాలు. ఎదుటి మనిషి మొహం కనపడని పొగమంచు. మిగిలిన నాలుగు రోజులు తడిసిన టీ తోటలు, తడిసిన గుట్టలు, తడిసిన బట్టలు. రాస్తుంటే ఆమెకు ఎంత హాయిగా ఉందో! మూడు రోజులు పగలంతా కూర్చుని రాసింది. ఏ హోటల్లో బట్టలు త్వరగా ఆరవో కూడా కనుక్కుని రాసింది. కొత్తగా పెళ్ళైన జంటలకు కూడా ఆమె అంత శ్రద్ధగా ఏనాడూ ప్లాను వేయలేదు.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. ప్రయాణం తయారుచేయించుకునే ప్రతి మనిషీ తన అడవి కథ ఒకటి ఫోన్లో చెప్పి పంపాలి. ఎప్పుడు ఏ జంతువును చూశారు, ఎంత దగ్గరగా, అప్పుడేం చేశారు. దాన్ని ఆమె అక్కడి గైడ్లకు తర్జుమా చేసి పంపుతుంది. మనిషి భయస్తుడా, తొందరపాటువాడా, మాట వింటాడా అన్నది అక్కడివాళ్ళకు ముందే తెలియాలి కదా. అందరికీ పంపే ఆ సందేశాన్ని అలవాటు కొద్దీ విఠల్‌కూ, ఉజ్వలకూ పంపింది. అంతకుమించి ఏ ఆలోచనా లేదు.

ఉజ్వల పంపింది అర నిమిషం కూడా లేదు. మరాఠీ ఇంటి పిల్ల, అత్తగారింట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసి తెలుగు నేర్చుకుంది, అక్కా అనడానికి మాత్రం తాయీ అనే అంటుంది. "నాకు కథ లేదు తాయీ. అడవి ఇంటి పక్కనే ఉన్నది, ఒక్కసారి తీస్కపోలే. నాకు ఏనుగు పిల్లను సూడాలని ఉన్నది. తల్లి పక్కన నడుస్తుంటే సూడాలె. దూరంకెల్లి సూసినా సాలు." తర్వాత ఇంతే అని మరాఠీలో చెప్పి నవ్వింది. అక్సా అది విని ఒక్క క్షణం మెత్తబడి, వెంటనే తనను తానే తిట్టుకుంది. తడవనీ, ఆమె కూడా తడవనీ, ఆ ఇంటి అన్నం తిన్నది కదా అనుకుంది.

విఠల్ సేఠ్ పంపింది పదకొండు నిమిషాలు. చంద్రపూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఇక్కడ ప్రతి మగవాడికీ ఒక పులి కథ ఉంటుంది. పెళ్ళిలో, చావులో, బ్యాంకు క్యూలో, సెలూన్లో గడ్డానికి సబ్బు పూసుకుని కూడా చెప్తాడు. ఒకడు ఇరవై అడుగులంటే పక్కవాడు పదిహేను అంటాడు. పులి కథ అడిగితే తగ్గించి చెప్పడం ఈ ఊరి మగవాళ్ళకు చేతకాని పని. విఠల్ సేఠ్ ఆఫీసు కాగితం మీద అబద్ధం రాసిచ్చాడు, తుకుం మిత్రుల మధ్య నిజం చెప్పుకుని మీసం మెలేశాడు. ఆరేళ్ళుగా ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. అతను కూడా ఏది ఎక్కడ చెప్పాలో ఎప్పుడో మరచిపోయాడు.

"ఒర్రె పక్కకు పులి పండుకొని ఉన్నది, మూడు పిల్లలు," అంటోంది ఆ గొంతు. "గైడు పోరడొకడుండె. దిగొద్దు సేఠ్, దిగొద్దు అని నా చెయ్యి పట్టుకున్నడు. గట్టిగ పట్టుకున్నడు. ఇదిలించుకొని దిగిన. నేను ఎవనికి భయపడ్త? పది అడుగులకెల్లి దాని కండ్లల్ల కండ్లు పెట్టి సూసిన. గైడ్లు గిట్లనే అడ్డం పడ్తరమ్మా. అక్కడోళ్ళకు ముందే చెప్పిపెట్టు, విఠల్ సేఠ్‌ను ఆపొద్దని."

అక్సా ఫోను టేబులు మీద పెట్టి లేచి నిలబడింది. కూలరు ఆపేసి మళ్ళీ మొదటి నుంచి విన్నది. మూడోసారి విన్నాక ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వొచ్చింది. వానా జలగలూ పెట్టి తాను అల్లిన పగ ఎంత చిన్నదో అప్పుడు అర్థమైంది. ఇతను తన ఉరితాడు తానే పేనుకుని, ముడివేసి, తన చేతికి పంపించాడు.

ఆదివారం చర్చి అయిపోగానే మాజ్రి బస్సెక్కింది. లెవీ వ్యాగన్లు నిలిపే రైలు సైడింగు పక్కన టీ బండి దగ్గర ఉన్నాడు, కనురెప్పల మీద కూడా బొగ్గు. ఆమె ఏమీ చెప్పకుండా ఫోను వాడి చెవికి ఆనించింది. పదకొండు నిమిషాలూ విన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. అయిపోయాక ఒక్క చోట మళ్ళీ పెట్టమన్నాడు, పులి దగ్గర కాదు, గైడు చెయ్యి పట్టుకున్నాడన్న దగ్గర. ఆ ముక్క రెండుసార్లు విన్నాడు.

"నేను పట్టుకున్ననా అక్కా," అన్నాడు. "ఆరేండ్ల సంది నలుగురు ఒకటే మాట చెప్తుంటె, ఏమో, నేనే దిగుమన్ననేమో అనిపిస్తుండె. ఆ పిల్లను నేనే సంపిన్నేమో అనుకుంటున్న."

అప్పటిదాకా అక్సాకు ఉన్నది కోపం. అది విన్నాక వచ్చినదానికి పేరు లేదు. ఆ మనిషి తమ్ముడి కార్డు ఒక్కటే గుంజుకున్నాడనుకుంది ఇన్నాళ్ళు. వాడి బుర్రలోంచి వాడి జ్ఞాపకాన్నే గుంజుకున్నాడన్నమాట. పులుల అడవి గైడ్ల వాట్సాప్ గ్రూపులో ఆమెతో కలిపి మూడు వందల మంది ఉన్నారు. అక్కడికక్కడే ఆ రికార్డింగు పంపించబోయింది. లెవీ బొగ్గు చెయ్యి ఫోను మీద అడ్డంగా పెట్టాడు.

"వద్దు. ఫోన్ల తిడితె ఫోన్లనే పోతది. నాలుగు దినాలు నవ్వుకుంటరు, మరుస్తరు. ఎక్కడ చెప్పిండో అక్కడనే చెప్పాలె. అదే ఆఫీసుల, అదే కుర్చీల."

ఆమె వాడితో చాలాసేపు వాదించింది. చివరికి సరేనంది, పళ్ళు నూరుకుంటూ సరేనంది. పంపను కాని, పంపుతానని బెదిరించనని మాత్రం మాటివ్వలేదు.

ప్లాను ఖాయం చేసుకునే రోజు వచ్చింది. మిగతా అందరికీ చేసినట్టే, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, ప్రయాణాన్ని రోజుకొకటి చొప్పున చదవడం మొదలుపెట్టింది. పటం మీద వేలు పెట్టి మరీ చదివింది. ఒకటే తేడా, ఈసారి ఉన్నదున్నట్టు చదివింది.

మొదటి రోజు మిరిస్స, సముద్రం పోటు, పడవలు కదలవు అంది. విఠల్ తలూపాడు, మాట సరిగ్గా చెవికెక్కలేదు. రెండో రోజు మిరిస్స, వాన, గదిలోనే అంది. నాలుగో రోజు సింహరాజ, జలగలు, నడవలేరు. ఏడో రోజు పొగమంచు, పది గజాల దూరం కూడా కనపడదు. చిరుత ఈ పన్నెండు రోజుల్లో ఎక్కడా లేదు. ఏనుగు పిల్ల కూడా లేదు. అప్పటికి విఠల్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. ఇదేం ప్లాను, నీకు పని వచ్చా రాదా అని గద్దించాడు.

పని బాగా వచ్చు సేఠ్ అంది అక్సా. ఇది మే చివర్లో ఆ ద్వీపంలో ఏమీ కనపడకుండా తిరగడానికి ఉన్న అన్నిటికంటే మంచి దారి అనీ, మూడు రోజులు కూర్చుని మీ కోసమే తయారుచేశాననీ చెప్పింది. ఆ తర్వాత ఇంకొక కాగితం తీసి పక్కన పెట్టింది. నిన్ననే రాసింది. ఎండవైపు పన్నెండు రోజులు, విల్పత్తులో చిరుతలు, మిన్నేరియ చెరువు దగ్గర ఏనుగులు, తూర్పు తీరంలో తిమింగలాలు. ఈ రెండింట్లో మీకు ఏదివ్వాలో తేల్చుకోవడానికి ముందు మీ కథ ఒకసారి విందామని, ఫోను మధ్యలో పెట్టి నొక్కింది.

తన గొంతు తనకే వినపడుతుంటే విఠల్ మొదట నవ్వాడు. గైడు పోరడు దగ్గరికి వచ్చేసరికి నవ్వు సగంలో ఆగింది. అంతకంటే ముందే ఉజ్వల మొహం మారిపోయింది.

"నువ్వెవరు?" అన్నాడు.

"లెవీ అక్కను. మీరు చెయ్యి ఇదిలించుకున్నరు కద, ఆ పోరని అక్కను."

 విఠల్ ఫోను అందుకోబోయాడు. ఆమె అంతకంటే ముందే తీసుకుని, గైడ్ల గ్రూపు తెరిచి, బొటనవేలు ఆనించి చూపించింది. జిప్సీలో గైడు లేకుండా అడవి లోపలికి వదలరు. ఈ కథ విన్నాక ఏ గేటు దగ్గరా, ఏ గైడూ మీ జిప్సీ ఎక్కడు అంది. పులి కథ లేకుండా తుకుంలో మీరు ఎలా తలెత్తుకుని తిరుగుతారో నేనూ చూస్తాను అంది. అతని మీద కేసు పెడతానన్నా అంత చలించేవాడు కాదు. ఆ మాటకు పాలిపోయాడు.

"ఏం కావాలె నీకు?"

"ఆఫీసుల ఏం చెప్పిండ్రో, అక్కడికే పోయి నిజం చెప్పుండ్రి. రాసి సంతకం పెట్టుండ్రి. పెడితె నేను గ్రూపుల పంప. గంతే."

విఠల్ గొణుగుతూ, అప్పుడేదో కంగారులో అలా అన్నామనీ, ఆరేళ్ళ తర్వాత ఇప్పుడెందుకనీ ఏదేదో చెప్పబోయాడు. ఉజ్వల అతని వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళలో ఆమె ఎదుటివాళ్ళ ముందు భర్తను నిలదీసింది అదే మొదటిసారి అయి ఉంటుంది.

"ఆ పోరడు మిమ్మల్ని ఆపిండా? నాకైతే వాడే దిగుమన్నడని చెప్పిండ్రు. నేను వాన్ని శాపనార్థాలు పెట్టిన. ఆ పిల్లకోసం నేను ఏడ్చిన."

 ఆమె టేబులు మీదికి వంగి, ఎండవైపు కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. ఇది నాకూ రుక్మిణికీ అంది. భర్తకేం కావాలో చెప్పలేదు. ఆమె వెనకాలే అతనూ మెట్లు దిగి వెళ్ళాడు, రుమాలు కుర్చీలోనే మరచిపోయి. అక్సా దాన్ని చీపురుతో బయటికి నెట్టింది.

మూడో రోజు విఠల్ అటవీ ఆఫీసుకు పోయి నిజం రాసిచ్చాడు. గైడ్ల గ్రూపులో కథ రాకపోతే చాలు, గేట్లు తనకు మూసుకుపోకపోతే చాలు అనుకున్నాడు. అక్సా కూడా మాట తప్పలేదు, గ్రూపులో పంపలేదు. కాకపోతే, అడవిలో జిప్సీ దిగానని సంతకం పెట్టినవాణ్ణి ఆఫీసు ఏం చేస్తుందో ఆమెకు ముందే తెలుసు, అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇక ఎప్పటికీ ఆ అడవి గేటు దాటకూడదని అతనికి నోటీసు వచ్చింది. డ్రైవరునూ, స్నేహితులిద్దరినీ మళ్ళీ పిలిచారు. వాళ్ళ నోళ్ళు ఒక్క రోజులో మూగబోయాయి. ఆఖరి విచారణ మే ఇరవై ఎనిమిదిన పెట్టారు, అందరూ హాజరు కావాలన్నారు. ఆ తేదీకి ఉజ్వల, రుక్మిణి ద్వీపంలో ఎనిమిదో రోజున ఉంటారు. ఆ ప్రయాణంలో మూడో సీటు అక్సా ముందే రద్దుచేసింది.

మే ఇరవై ఎనిమిది అంటే చంద్రపూర్‌లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంది, కుక్కలు కూడా కుళాయి కింది బురద వదిలి కదలవు. అక్సా పదకొండు గంటలకే టిఫిన్ డబ్బాతో వచ్చి, అటవీ ఆఫీసు ముందు అదే వేపచెట్టు కింద నిలబడింది. ఆవరణలో నీడ అక్కడ ఒక్కచోటే ఉంది. వరండా మెట్ల దగ్గరికి కారు రావాలంటే ఆ నీడలోంచే రావాలి. డబ్బాలో జొన్నరొట్టెలు, ఎండుచేపల కూర. అమ్మ మంగతాయి పొద్దున నాలుగింటికే లేచి చేసి, చేస్తున్నంతసేపూ ప్రార్థన చేసుకుని, అతణ్ణి క్షమించు కూతురా, క్షమించి తేలికపడు అని అక్సాను బతిమాలింది. చూద్దాంలే అమ్మా అంది అక్సా.

పన్నెండున్నరకు ఫోను మోగింది. ఉజ్వల ఫోటో పంపింది. చెరువు గట్టున ఒక ఏనుగు, దాని పక్కన వేలి గోరంత పిల్ల. చాలా దూరం నుంచి తీసింది. అక్సా దాన్ని కాసేపు చూసింది. ఆ ఒక్కదానికి ఎండవైపు రాయడం మంచిదే అయిందనుకుంది.

విఠల్ ముందుగా బయటికి వచ్చాడు. లోపల అటవీ ఆఫీసరు సాహెబు ఏం చెప్పాడో అతని మొహమే చెప్తోంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. వరండా రేకుల కింద నిలబడలేక, మెట్లు దిగి ఎండలోకి వచ్చి తన కారు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. తెల్ల కారు గేటు దగ్గర నుంచి కదిలి, వేపచెట్టు దాకా వచ్చి ఆగింది. అక్సా దారికి అడ్డంగా ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. విఠల్ అటు చూసి, ఆమెను గుర్తుపట్టాడు. జరుగమ్మా అనడానికి అతనికి ఈసారి నోరు రాలేదు.

అప్పుడే లెవీ వరండాలోకి వచ్చాడు. మెడలో గైడు కార్డు, కొత్తది, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. మెట్లు దిగి విఠల్ పక్క నుంచి అతని వైపు చూడకుండానే నడిచి వచ్చాడు. అక్కా పోదాం, బస్సుకు టైమయింది అన్నాడు.

అక్సా అక్కడే, కారు ముందు, నీడలో, చెంగుతో నేల దులిపి కూర్చుంది. టిఫిన్ డబ్బా గిన్నెలు ఒక్కొక్కటే విప్పి వరుసగా పెట్టింది. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కారు ఇంజను ఆగిపోయింది. నలభై ఏడు డిగ్రీల ఎండలో, నెత్తి మీద రుమాలు కూడా లేకుండా, ఆమె పక్కనుంచి కారు దాకా నడిచే మొహం లేక, విఠల్ సేఠ్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాడు.

లెవీ రొట్టె తుంచబోతూ అటు చూసి, ఆయన ఎండలో ఉన్నాడు అక్కా అన్నాడు మెల్లగా. ఆమె రొట్టె మీద ఇంకొంచెం కూర వేసింది.

"కానియ్యి. తొందరేం లేదు. నువ్వు నిమ్మలంగ తిను."